రేటు గడిలో సేవాభావం

చిలుకూరు బాలాజీకి హుండీ లేదు. వీసా అడిగినవాడైనా, పెళ్లి సంబంధం అడిగినవాడైనా పదకొండు ప్రదక్షిణలు చేసి మొక్కుకోవాలి, పని అయ్యాక వచ్చి నూటెనిమిది చెయ్యాలి. అంతే లెక్క. రూపాయి మాటే లేదు. మొయినాబాద్ మండలంలో దేవుడు వద్దనుకున్న హుండీని పక్కనున్న ఫాంహౌస్‌లవాళ్లు ఎత్తుకెళ్లి పెట్టుకున్నారు. శనివారం సాయంత్రం హైదరాబాద్ నుంచి అప్పా జంక్షన్ దాటి, మర్రిచెట్ల కిందుగా చేవెళ్ల దారి పట్టే కార్లలో కొన్ని విందుకు పోతుంటాయి, కొన్ని దానధర్మాలకు పోతుంటాయి. ఈమధ్య రెండూ ఒకే గేటు ముందు ఆగుతున్నాయి.

ఆ గేటు సంగతి కొంచెం చెప్పాలి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువులకు నీళ్లు దిగే 84 ఊళ్లలో ఇష్టమొచ్చినట్టు కట్టొద్దని 1996లో 111 జీవో వచ్చింది. మొయినాబాద్, చేవెళ్ల, షాబాద్ మండలాల ఊళ్లు ఆ జాబితాలో ఉన్నాయి. కట్టొద్దన్నచోట కట్టినదానికి మర్యాదైన పేరొకటి దొరికింది, వ్యవసాయ క్షేత్రం. అక్కడ పండేది లాను, కాసేవి సీరియల్ లైట్లు. ఆ లాను మీద, ఆ లైట్ల కింద, ఆకలి లేని సమాజం కోసం మూడు రకాల బిర్యానీతో గాలా డిన్నర్ జరుగుతుంది. ఆకలి గురించి మాట్లాడాలంటే ముందు కడుపు నిండి ఉండాలి కదా.

అలాంటి ఒక కార్యక్రమం ఎస్టిమేటు కాగితం నా చేతికొచ్చింది. ఎవరిదో అడగొద్దు, అందరిదీ అలాగే ఉంటుంది. టెంటు, స్టేజీ, ఎల్ఈడీ తెర, సౌండు, జనరేటరు (డీజిలు వేరే), ప్లేటు లెక్కన కేటరింగు, కార్లు పెట్టే కుర్రాళ్లు, బౌన్సర్లు, డ్రోన్ కెమెరా, యాంకరమ్మ, యాంకరమ్మ మేకప్పు. వేదికకు పూలు చుట్టుపక్కల పాలీహౌస్‌ల నుంచే జెర్బెరాలు. ప్రతి వరుసకూ ఎదురుగా ఒక రేటు, రేటు పక్కన అడ్వాన్సు. కింద నుంచి రెండో వరుసలో ‘జానపద కళాకారులు, పన్నెండు మంది’ అని ఉంది. రేటు రాయాల్సిన గడిలో అంకె లేదు. ‘సేవాభావం’ అని రాసి ఉంది. చివరి వరుసలో ‘శాలువాలు, జ్ఞాపికలు’. దానికి మళ్లీ రేటుంది. అంటే శాలువాకు ధర ఉంది, అది కప్పే భుజానికి లేదు.

ఇప్పుడు ఎవరైనా పోయి ఆ జనరేటరతన్ని అడిగి చూడండి. ‘అన్నా, పేదపిల్లల కోసం పెట్టుకున్నం, ఈ ఒక్క రాత్రికి సేవ కింద తిప్పు’ అని. నవ్వి బండి స్టార్ట్ చేసుకుని పోతాడు. తప్పు అతనిది కాదు. బంకులో డీజిలు పోసేవాడు సేవాభావం తీసుకోడు. టెంటువాడినీ అడగరు, బౌన్సరునైతే అసలే అడగరు. దయ, కరుణ, సమాజం పట్ల బాధ్యత, ఇవన్నీ పాటగాడి దగ్గర, డప్పువాడి దగ్గర, బొమ్మలేసేవాడి దగ్గర మాత్రమే స్టాకు ఉంటాయని ఈవెంటు మేనేజర్లకు ఎవరు చెప్పారో తెలియదు.

ఆ పన్నెండు మందీ షాబాద్ వైపు నుంచి వచ్చిన డప్పు దళం. మధ్యాహ్నమే బస్సెక్కి చేవెళ్లలో దిగి, అక్కడి నుంచి ట్రాలీ ఆటో మాట్లాడుకుని వచ్చారు. సాయంత్రం నాలుగింటికి రమ్మన్నారు, రాత్రి తొమ్మిదిన్నరకు స్టేజీ ఎక్కించారు. మధ్యలో ఒక చిక్కొచ్చింది. డప్పుకు సెగ కావాలి. తోలు కాగి బిగిస్తే తప్ప గొంతు లేవదు, అందులోనూ మంచు దిగుతున్న వేళ. ఇంత గడ్డి పోగుచేసి లాను అంచున మంట వెయ్యబోతే వాచ్‌మన్ ఉరికొచ్చాడు. ‘ఏందిది? సార్ చూస్తే నా నౌకరీ పోతది. ఇది ఫారిన్ గడ్డి!’ అన్నాడు. పెద్దాయన డప్పు చంకన పెట్టుకుని అటూ ఇటూ చూసి, చివరికి రోటీలు కాలుస్తున్న తందూరు భట్టీ దగ్గరికి పోయాడు. ‘తమ్మీ, జర జరుగు’ అని దానికి ఎదురుగా డప్పు పట్టి, వేలితో ఒక్కో దెబ్బ కొడుతూ చెవి ఆనించి విన్నాడు. వంటవాడు రోటీ తీసినప్పుడల్లా పక్కకు జరిగాడు, పెట్టినప్పుడల్లా దగ్గరకొచ్చాడు. ఒక్కొక్కటిగా పన్నెండు డప్పులూ అలాగే కాగాయి. ఆ రాత్రి అక్కడ శ్రద్ధగా జరిగిన పని ఏదైనా ఉందంటే అదొక్కటే. దాన్ని డ్రోన్ తియ్యలేదు.

వాళ్లు వాయిస్తుంటే ముందు వరసలో కూర్చున్నవాళ్లు లేచి రెండు అడుగులు వేశారు. ‘అవర్ రూట్స్, అవర్ రూట్స్’ అని ఒకాయన మైకులో కేకలు పెట్టాడు. ఆ మూలాలకు భోజనాలు మాత్రం షామియానా వెనకాల పెట్టారు, అతిథులు తిని లేచాక. ఊళ్లో డప్పును ఏ చివర నిలబెట్టారో తెలిసినవాడికి ఆ వెనక షామియానా ఎందుకొచ్చిందో వేరే చెప్పనక్కర్లేదు. లగ్గాల కాలం, శనివారం రాత్రి. పెళ్లి బరాత్‌కు పోయి ఉంటే మనిషికింత కూలి చేతిలో పడేది. ఆ కూలి వదులుకుని వచ్చి వాయించింది ఎవరి కోసమయ్యా అంటే సర్కారు బళ్లో చదివే పేదపిల్లలకు నోటు పుస్తకాల కోసం. డప్పు కొట్టినవాళ్ల పిల్లలు చదివేదీ సర్కారు బళ్లోనే. తండ్రి ఒక రాత్రి కూలి పోగొట్టుకున్నాడు, కొడుక్కి నోటు పుస్తకం వచ్చింది, దాని అట్ట మీద దాత ఫొటో ఉంది. ఈ లెక్క ఏ చార్టర్డ్ అకౌంటెంటుకైనా ఇచ్చి చూడండి, దాత ఎవరో తేల్చమనండి.

బొమ్మలవాళ్ల కథ ఇంకొంచెం నాజూకుగా ఉంటుంది. వాళ్లకు ఏసీ హాలు, వేలంపాట. ‘మీ పెయింటింగ్ ఒకటి డొనేట్ చెయ్యండి సార్, ఎక్స్‌పోజర్ వస్తుంది’ అంటారు. ఎక్స్‌పోజర్‌తో కిరాణా కొట్లో ఉప్పు కూడా రాదు. నెల రోజులు కూర్చుని వేసిన బతుకమ్మ బొమ్మను సుత్తి దెబ్బతో ఒక బిల్డరుగారు పాడుకుంటారు. మార్కెట్లో పెట్టే డబ్బులో సగానికి, అదీ దానం కాబట్టి బేరం మర్యాద కాదన్నట్టు ముఖం పెట్టి. బొమ్మ ఆయన డ్రాయింగు రూములోకి పోతుంది. ఫొటోలో చెక్కు పట్టుకుని నిలబడేది ఆయనే. చిత్రకారుడు అంచున, సగం చెవి దాకా కనబడతాడు.

చట్టం కూడా ఈ ఫొటోగ్రాఫరు పక్కనే నిలబడింది. 80జి అని మనందరి నోళ్లలో నానుతున్న ఆ సెక్షను సంగతి చూడండి. చెక్కు రాసిన దాతకు సంస్థను బట్టి సగమో, మొత్తమో ఆదాయం నుంచి మినహాయింపు దొరుకుతుంది. నగదైతే రెండు వేలు దాటితే చెల్లదు. వస్తువు రూపంలో ఇచ్చినదానికి, శ్రమ రూపంలో ఇచ్చినదానికి అసలు లెక్కే లేదు. బియ్యం బస్తా ఇచ్చినా, బొమ్మ ఇచ్చినా, రాత్రంతా గొంతు పోయేలా పాడినా ఆదాయపు పన్నువారి దృష్టిలో మీరు ఏమీ ఇవ్వలేదు. అమెరికావాళ్లు మనకంటే తెలివైనవాళ్లని అనుకుంటాం గాని, వాళ్లూ ఇంతే. 1969లో మార్చిన చట్టం ప్రకారం చిత్రకారుడు సొంత బొమ్మను మ్యూజియానికి ఇస్తే రంగులకూ గుడ్డకూ అయిన ఖర్చు మేరకే పన్ను తగ్గింపు. అదే బొమ్మను కొనుక్కున్న కోటీశ్వరుడు కొన్నాళ్లుంచుకుని ఇస్తే మార్కెట్ ధర మేరకు తగ్గింపు. అంటే బొమ్మ అతని చేతిలో ఉన్నంతసేపూ గుడ్డ, చెయ్యి మారగానే కళ.

కవులను వదిలేస్తే పక్షపాతం అంటారు. వీళ్ల దానం వేరే రకం. ‘ఈ కవితా సంపుటి మీద వచ్చే ఆదాయమంతా వరద బాధితులకే’ అని వెనక అట్ట మీద అచ్చు వేయడం కన్నా క్షేమకరమైన దానం లోకంలో లేదు. కర్ణుడికి కూడా తోచలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచింది, మున్నేరు ఖమ్మాన్ని ముంచింది. నీళ్లు దిగకముందే కవితలు పొంగాయి. బురదలో మునిగిన బియ్యం మీద, తేలిన బొమ్మల మీద, నిలబడ్డ ఆశ మీద. సంకలనం వచ్చింది. అందులో చోటుకు కవే డబ్బు కట్టాడు, పది కాపీలు కవే కొన్నాడు, ఆవిష్కరణ సభకు కవే ఆటో కట్టుకుని వచ్చాడు, శాలువా కప్పించుకుని, తన వంతుగా ఇంకో కవికి కప్పి పోయాడు. వరద బాధితుడికి ఏమొచ్చిందంటే ఒక ప్రతి వచ్చిందట. పొడిగా ఉన్న కాగితం దొరికిందని సంతోషపడ్డాడేమో.

నవ్వుకున్నాం సరే. ఈ నేల మీద కళ నిజంగా జోలె పట్టిన రోజులున్నాయి, వాటిని ఈ గాలా డిన్నర్ల గాటన కట్టెయ్యడం పాపం. 1943లో బెంగాల్ కరువుతో చస్తుంటే ప్రజానాట్యమండలి దళాలు ఊరూరా తిరిగాయి. షేక్ నాజర్ బుర్రకథ చేసిన కథల్లో పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం ఎంత పేరు తెచ్చాయో బెంగాల్ కరువూ అంత ముఖ్యమైనది. ఎక్కడో కలకత్తా వీధుల్లో పడి చస్తున్నవాళ్ల కోసం గుంటూరు జిల్లా పల్లెలో రైతు కూలీని కళ్లు తుడుచుకోనిచ్చి, ఆ చేతినే జేబు దాకా పోనిచ్చిన విద్య అది. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టినప్పుడు ఎన్టీఆర్, ఏఎన్నార్ వీధుల్లోకి దిగి విరాళాలు అడిగారు. 2014లో హుద్‌హుద్ విశాఖను విరిచాక సినిమావాళ్లంతా ‘మేము సైతం’ అని ఒకరోజు టీవీ ముందు ఆడిపాడి డబ్బు పోగుచేశారు. అందులో తళుకులు లేవని కాదు. ఇచ్చినవాళ్ల ఇళ్లలో పొయ్యి మీద అన్నం ఉంది, ఎవరి బలవంతమూ లేదు. నాజర్‌కు ఏ తళుకూ లేదు, అయినా ఏ కరువు కథ చెప్పాలో ఆయన, ఆయన దళమే తేల్చుకున్నారు.

కందుకూరి వీరేశలింగం తన పుస్తకాల మీద, ప్రెస్సు మీద వచ్చినదాన్ని వితంతువుల పెళ్లిళ్లకు ధారపోశాడు, చివరికి ఆస్తి హితకారిణీ సమాజానికి రాసిచ్చాడు. ఆయన్ని ఎవరూ ‘సార్, సేవాభావంతో రావాలి’ అని పిలవలేదు. తిట్టారు, వెలివేశారు. ఇచ్చేది ఆయనే, ఎవరికివ్వాలో అనుకున్నదీ ఆయనే. చేవెళ్ల దారిలో అనుకునేది ఒకడు, ఇచ్చేది ఇంకొకడు, పేరు మూడోవాడిది.

లెక్క సంగతి కూడా ఒకసారి చూడాలి. 1971 ఆగస్టు 1న రవిశంకర్ అడిగితే జార్జ్ హారిసన్ న్యూయార్కులో బంగ్లాదేశ్ కోసం కచేరీ పెట్టాడు. టికెట్ల మీద వచ్చిన రెండు లక్షల నలభై వేల డాలర్లకు పైగా సొమ్ము యూనిసెఫ్‌కు చేరింది. రికార్డుల మీద, సినిమా మీద వచ్చిన పెద్ద మొత్తమేమో పన్ను మినహాయింపు కాగితాలు ముందుగా పెట్టుకోలేదని అక్కడి పన్నుశాఖ చేతిలో ఏళ్ల తరబడి ఇరుక్కుంది. అంతటివాళ్లనే కూర్చోబెట్టి లెక్క అడిగారు. మనదగ్గర ‘టికెట్ల డబ్బు ఎంతొచ్చింది, ఎంత పంచారు’ అని నోరు జారితే చాలు, ‘మంచిపనికి కూడా వంకలేనా?’ అని నలుగురు నొచ్చుకుంటారు. అడిగినవాడికి మరుసటి ఏడు ఇన్విటేషన్ రాదు. అది మాత్రం పక్కా లెక్క.

ఇంతకీ ఉచితంగా వచ్చి వాయించిపోయిన మనిషి తర్వాత ఏమవుతాడో రంగారెడ్డి జిల్లా ఒకసారి కళ్లారా చూసింది. దర్శనం మొగులయ్య. పన్నెండు మెట్ల కిన్నెరను పోనివ్వకుండా పట్టుకున్న మనిషి. 2021లో ‘భీమ్లా నాయక్’ సినిమా పాటలో గొంతు వినబడింది, 2022లో పద్మశ్రీ వచ్చింది, సర్కారు కోటి రూపాయలూ ఇంటి స్థలమూ ప్రకటించింది. అందరూ ఫొటోలు దిగారు. 2024 మే నెలలో అదే మొగులయ్య తుర్కయంజాల్‌లో ఒక కట్టుబడి దగ్గర కూలి చేస్తూ కనబడ్డాడు. నెలనెలా వచ్చే పదివేల గౌరవ వేతనం ఆగిపోయిందని ఆయనే చెప్పుకున్నాడు. వెంటనే మళ్లీ సానుభూతి కట్టలు తెంచుకుంది. ‘అంత ఇచ్చినా ఏం చేసుకున్నాడు?’ అని లెక్కలడిగినవాళ్లూ ఉన్నారు. ఫాంహౌస్ లాను మీద ఎన్నడూ లెక్క అడగనివాళ్లే. ఏడాదికి ఇన్ని కచేరీలు, కచేరీకి ఇంత అని మామూలుగా, మర్యాదగా, యాంకరమ్మకు ఇచ్చినట్టే ఇచ్చి ఉంటే ఆ ఇటుకల జోలికి పోయేవాడా అని ఒక్కరూ అడగలేదు.

వరంగల్ వైపు పస్తం మొగిలయ్య. ‘బలగం’ సినిమా చివర ఆయనా, భార్య కొమురమ్మా పాడితే తెలంగాణలో ఏడవని ఇల్లు లేదు. విడిపోయిన అన్నదమ్ములు సినిమా చూసి కలిసిపోయారని వార్తలొచ్చాయి. ఆయన మూత్రపిండాలు చెడ్డాయి. డయాలిసిస్ కోసం దాతలను వెతుక్కోవలసి వచ్చింది. కొందరు ఆదుకున్నారు, నిజమే, వాళ్లకు దండం. 2024 డిసెంబరులో పోయాడు. ఊరూరి చేతా కన్నీళ్లు పెట్టించినవాడి మందుల బిల్లు పాటగా కాక అర్జీగా తిరగవలసి రావడం దగ్గరే మన దాతృత్వం బండారం బయటపడుతుంది. పాటకు కట్టాల్సిన డబ్బు సకాలంలో కట్టనివాళ్లం, రోగానికి చందా ఇచ్చి కళ్లు ఒత్తుకుంటాం. అదే డబ్బు. ముందు ఇస్తే కూలి అంటారు, ఫొటో రాదు.

డబ్బు లేదంటారా, ఆ మాట షాబాద్‌లో నిలబడి అనొద్దు. చందన్‌వెల్లి, సీతారాంపూర్ వైపు ఎన్నెన్ని ఫ్యాక్టరీలు లేచాయో చూసిన కళ్లే. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు లాభాల సగటులో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలి. ఆ డబ్బు దేనికి పెట్టొచ్చో చెప్పే ఏడో షెడ్యూలులో సంప్రదాయ కళలను కాపాడటం, పెంచటం కూడా స్పష్టంగా ఉంది. అంటే డప్పు దళాన్ని ఏడాది పొడుగునా జీతమిచ్చి బళ్లలో నేర్పించమన్నా చట్టం అడ్డురాదు. జానపదం ప్రదర్శనకు లక్షన్నర దాకా జీఎస్టీ కూడా లేదు. చట్టం ఇంతగా దారి ఇచ్చినా ఎస్టిమేటు కాగితంలో ఆ ఒక్క గడి దగ్గర పెన్ను ఆగిపోతుంది. పెన్నుదేం తప్పు లేదు. ‘వాళ్లకేం సార్, పిలిస్తే చాలు మురిసిపోయి వస్తారు’ అని ఎవరో చెప్పారు, రాసినవాడు రాశాడు.

మరి కళాకారుడికి జాలి ఉండొద్దా, సమాజం పట్టొద్దా అని పెద్దమనుషులు అడుగుతారు. పట్టింది కాబట్టే తందూరు పక్కన నిలబడ్డాడు. ముందు రేటు రాయండి. అందరి కంటే ముందు, టెంటు కంటే ముందు. కవరు చేతిలో పెట్టండి. ఆ తర్వాత స్టేజీ మీద హుండీ పెట్టి, ఇష్టమున్నవాళ్లు వెయ్యండి అనండి. డప్పు పెద్దాయన అందులో వంద వేస్తాడో, అయిదొందలు వేస్తాడో, అసలు వెయ్యడో ఆయన చూసుకుంటాడు. ఆయన వేసిన వంద పక్కన బిల్డరుగారి చెక్కు ఎంత పెద్దదో కూడా అప్పుడు తెలుస్తుంది.

మొన్న అదే పెద్దాయనకు మళ్లీ ఫోనొచ్చింది. నేను పక్కనే ఉన్నాను, స్పీకరులో పెట్టాడు.

‘నమస్తే పెద్దనాన్నా. మల్లొక మంచి ప్రోగ్రాం పెట్టుకున్నం. మీరు తప్పక రావాలె.’

‘ఏం ప్రోగ్రాం బిడ్డా?’

‘కళాకారుల సంక్షేమ నిధి. కష్టాల్ల ఉన్న కళాకారులను ఆదుకోవాలె కదా. పెద్దపెద్దోళ్లు వస్తున్నరు.’

‘మంచిగుంది. పైసలెంతిస్తరు?’

‘అయ్యో పెద్దనాన్నా, ఇది సేవ కదా. కళాకారుల కోసమే కదా.’

‘నేనేంది మరి?’

అవతల కాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత, ‘సరే, శాలువా అయితే ఉంటది’ అన్నాడు కుర్రాడు. పెద్దాయన లోపలికి చూసి, ‘పెట్టెల ఇంకా జాగ ఉన్నదా?’ అని భార్యను అడిగాడు. లేదంది.